పరపతిని సంపాదించు విధము

పరపతి యను మాట మనకు క్రొత్తది కాదు. ఊరిలో ఒకనిని గూర్చి "అతనికి మంచి పరపతి కలదు" అని చెప్పుకొందుము. అతని మాటను నలుగురు నమ్ముదురనియు, అతడడిగినచో ఎవ్వరును లేదనరనియు దాని భావము. వ్యవసాయదారులకు బాకీలిచ్చు సంఘములకు "సహకార పరపతి సంఘము" అని పేరు పెట్టినవారును ఈ మాటనే ఏరుకొనిరి. కావున మన భాషలో నమ్మకమునకును అప్పు పుట్టుటకును ఒకే పేరు కలదు. సుమతీ శతకము చదివిన ప్రతి బాలునికిని, ఏ యూరిలో కాపురముండవలయునో తెలుపు పద్యమున మొట్టమొదట అప్పిచ్చువానినే చెప్పియున్నారని జ్ఞాపకముండును. అప్పు అవసరము లేని కుటుంబము ఆనాడును అరుదు, ఈనాడును అరుదు.

అయితే నమ్మకమును కొలుచు పద్ధతి నేడు మారినది. పూర్వము అప్పిచ్చువాడు అడుగువానిని, అతని తండ్రిని, అతని పొలమును ఎరిగియుండెడివాడు. నేటి బ్యాంకు మేనేజరు పరాయి జిల్లావాడు కావచ్చును. కొన్ని యేండ్లకు బదిలీయై పోవును. అతడు మన ముఖము చూచి అప్పు ఈయలేడు, ఒక లెక్కను చూచి యిచ్చును. ఆ లెక్కలో మన పేరు ఎట్లు చేరును? చేరిన పేరు చెడకుండ ఎట్లు కాపాడుకొనవలయును? క్రెడిట్ కార్డు లేని యింటివారును దానిని సంపాదింపగలరా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన పాఠకులకు ఈ సంగతి ఏల యనవచ్చును. ఇబ్రహీంపట్నము చుట్టును, నాగార్జునసాగరు పోవు రోడ్డు పొడవునను ఇంజనీరింగు కళాశాలలు పెక్కు వెలసినవి. పదియవ తరగతి ముగించిన మన పిల్లలు రెండేండ్లలో అట్టి కళాశాలల గుమ్మము త్రొక్కుదురు. వారి తలిదండ్రులలో వరి పండించువారు, కూరగాయలమ్మువారు, పాలు పోయువారు, ఆటో నడుపువారు, కూలి చేయువారు కలరు. వీరిలో క్రెడిట్ కార్డు గలవారు కొలదిమందియే. విద్యాఋణమునకై బ్యాంకునకు పోయిన దినమున ఆ యింటి లెక్క ఎట్లున్నదో దానినిబట్టి బిడ్డ చదువు సాగుటయు, సాగకుండుటయు ఉండవచ్చును.

1. ఊరి లెక్కయు బ్యాంకు లెక్కయు

ఒక రైతు కుటుంబమును తలంచుకొనుడు. ముప్పది సంవత్సరములుగా ఆ యింటివారు విత్తనములకును ఎరువులకును షావుకారు నొద్ద బాకీ తెచ్చుచున్నారు. పంట అమ్మిన వారమునకే అసలును మిత్తియు చెల్లించుచున్నారు. ఒక్కమారును మాట తప్పలేదు. ఆ యింటి పిల్ల ఇంటరు ప్యాసై, ఇంజనీరింగులో సీటు పొంది, విద్యాఋణమునకు దరఖాస్తు పెట్టినది. బ్యాంకువారు తండ్రి పేరు వెదకగా "చరిత్ర లేదు" అని వచ్చినది. ముప్పదేండ్ల నిజాయితీ ఆ లెక్కలో ఒక్క పంక్తియు కాలేదు. షావుకారు ఖాతాలో వ్రాసినది షావుకారు పెట్టెలోనే యుండును. దానిని బ్యాంకునకు చూపువారు లేరు.

ఇందు రైతు దోషమేమియు లేదు. అతడు నమ్మకమును సంపాదించెను. కాని సంపాదించిన చోట దానిని వ్రాసి పైకి పంపు ఏర్పాటు లేదు. మాట నిలుపుకొను గుణమును అట్లే యుంచుకొని, బాకీని మాత్రము లెక్కకెక్కు చోటికి మార్చుకొనుటయే చేయవలసిన పని. ఈ వ్యాసమున చెప్పబోవు ఉపాయములన్నియు ఈ యొక్క మాటకు వివరణములు.

చరిత్ర లేకుండుట వేరు, చెడ్డ చరిత్ర యుండుట వేరు అని కూడ తెలిసికొనవలయును. తొలిసారి అప్పునకు వచ్చినవారిని చరిత్ర లేదను ఒక్క కారణముచే త్రోసివేయరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించియున్నది. 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖవారు లోక్‌సభలో ఈ సంగతినే తెలిపిరి. విద్యార్థి స్కోరు తక్కువయను కారణమొక్కటిచే విద్యాఋణము నిరాకరింపరాదని కేరళ హైకోర్టు 2023లో తీర్పు చెప్పినది. కావున "చరిత్ర లేదు" అని విన్నంతనే నిరాశపడి ఇంటికి మరలరాదు. మర్యాదగా ఈ సంగతి చెప్పి, నిరాకరణకు కారణమును వ్రాతమూలకముగా అడుగవలయును. అయినను మంచి చరిత్ర గలవానికి పని త్వరగా జరుగుననుట నిజము.

2. ఆ లెక్కను వ్రాయువారెవరు?

2000 సంవత్సరమున మన దేశములో అప్పుల సమాచారమును ఒకచోట కూర్చుటకు "క్రెడిట్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఇండియా లిమిటెడ్" అను సంస్థ స్థాపింపబడెను. ఆ పేరులోని మొదటి అక్షరములను కూర్చి సిబిల్ అనిరి. అందుచేతనే జనులు నేటికిని ఈ లెక్కను "సిబిల్ స్కోరు" అందురు. 2005లో పార్లమెంటువారు ఇట్టి సంస్థలకు ప్రత్యేక చట్టము చేసిరి. ఇప్పుడు రిజర్వు బ్యాంకు అనుమతితో సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు ఈ పని చేయుచున్నవి. బ్యాంకులును ఫైనాన్సు కంపెనీలును తామిచ్చిన ప్రతి బాకీ వివరమును వీనికి పంపవలయును. 2025 జనవరి 1 మొదలు కనీసము పదునైదు దినములకొకమారు పంపవలయునను నియమము వచ్చినది.

వారు పంపునది మూడు విధముల సంగతి: ఎంత బాకీ యిచ్చిరి, ఏ తేదీకి ఎంత కిస్తు రావలయును, అది ఏ తేదీకి వచ్చెను. గడువు దాటిన దినములెన్నియో నెల నెలకును అందు వ్రాయబడును. సిబిల్ నివేదికలో గడచిన 36 నెలల లెక్క కనబడును. ఈ లెక్కనుండి 300 మొదలు 900 వరకు ఒక అంకె కట్టుదురు. సాధారణముగా 750కి పైబడినది మంచిదని బ్యాంకులు తలంచును.

ఆ అంకె పెరుగుటకును తగ్గుటకును ముఖ్య కారణములు నాలుగు. మొదటిది, కిస్తులు గడువులో చెల్లించుట; ఇది అన్నిటిలో పెద్దది. రెండవది, మనమీదనున్న మొత్తము బాకీ. మూడవది, మన చరిత్ర ఎన్నాళ్లనుండి యున్నదియు, అందు ఎట్టి బాకీలు కలవనియు. నాలుగవది, కొలదికాలములో ఎన్ని చోట్ల అప్పునకై దరఖాస్తు పెట్టితిమనుట. ఒకే నెలలో అయిదారు చోట్ల అడిగినవానికి ఇబ్బంది యున్నదని లెక్క చూచువాడు తలంచును.

ఆ నివేదికలో లేని సంగతులును గమనింపదగినవి. మన భూమి, ఇంటిలోని బంగారము, పొదుపు ఖాతాలోని నిలువ, కులము, మతము అందు వ్రాయబడవు. కావున ధనికుడైనను గడువు తప్పినచో అంకె తగ్గును. కూలి చేయువాడైనను గడువు తప్పనిచో అంకె పెరుగును. బీదవారు ధైర్యము తెచ్చుకొనదగిన సంగతి యిది.

3. కార్డు లేకున్నను కొరత లేదు

క్రెడిట్ కార్డు ఉన్నవారికే సిబిల్ పెరుగునని కొందరు యువకులు తలంచుచున్నారు. ఇది పొరపాటు. కార్డు అనగా అనేకవిధముల బాకీలలో ఒకటి మాత్రమే. దానిపై పూర్తి సొమ్ము గడువులో కట్టనివానికి మిత్తి చాల కార్డులలో నెలకు నూటికి మూడు రూపాయలకు పైబడును. "కనీసపు మొత్తము" కట్టిన చాలునని బిల్లుమీద వ్రాసియుండును; అది నమ్మి మిగిలినది ఆపినవాడు మిత్తిమీద మిత్తి మోయును. రాబడి స్థిరము కాని యింట దానిని పెట్టుకొనుటకంటె, పనికివచ్చు బాకీని తక్కువ మిత్తికి తెచ్చి గడువులో తీర్చుట మేలు. అదియు అదే లెక్కలో ఎక్కును.

ఇందలి లాభమును గణితముచే చూడుడు. ఒక రైతునకు సాగుకొరకు 50,000 రూపాయలు ఒక సంవత్సరమునకు కావలెననుకొందము.

షావుకారు నొద్ద నెలకు నూటికి రెండు రూపాయల మిత్తియైనచో, నెలకు 1,000 రూపాయలు, సంవత్సరమునకు 12,000.

నూటికి మూడు రూపాయలైనచో సంవత్సరమునకు 18,000.

బ్యాంకు పంటఋణమునకు సంవత్సరమునకు నూటికి 7 చొప్పున 3,500. గడువులో చెల్లించినవారికి ప్రభుత్వము నూటికి 3 చొప్పున, అనగా 1,500 తగ్గింపు నిచ్చును. మిగిలిన భారము 2,000 మాత్రమే.

ఈ యేర్పాటు 3 లక్షల వరకు గల పంటఋణములకు చెల్లును; 2025–26 సంవత్సరమునకును దీనిని కొనసాగించిరి. దీనికే కిసాన్ క్రెడిట్ కార్డు అని పేరు, 1998లో ఆరంభమైనది. పేరున కార్డు అని యున్నను ఇది అంగడిలో వస్తువులు కొనుటకు పుట్టిన కార్డు వంటిది కాదు, సాగునకిచ్చు బాకీ. షావుకారు నొద్దనుండి బ్యాంకునకు మారిన రైతునకు పై లెక్క ప్రకారము ఏటికి 10,000 రూపాయలు మిగులుటయే కాక, అతని పేరున చరిత్రయు పుట్టును.

4. పూర్వులు చూపిన త్రోవ

తాకట్టు పెట్టుటకేమియు లేనివాడు తన నడవడినే తాకట్టుగా చూపవచ్చునను ఆలోచన క్రొత్తది కాదు. జర్మనీ దేశమున ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ (1818–1888) అను భక్తిపరుడగు క్రైస్తవుడు గ్రామములకు అధిపతిగా నుండెను. 1846–47 సంవత్సరముల కరువులో రైతులు అధిక వడ్డీలచే నలిగిపోవుట చూచి, మొదట ధనికుల దానముతో వారికి సహాయము చేసెను. దానముమీద నిలిచిన సహాయము ఎక్కువకాలము నిలువదని అనుభవమున గ్రహించి, 1864లో హెడెస్‌డార్ఫ్ గ్రామమున రైతులే సభ్యులుగా నొక పరపతి సంఘమును స్థాపించెను. ఒకే ప్రాంతమువారు, ఒకరి నొకరు ఎరిగినవారు, అందరి బాకీకి అందరును బాధ్యులు. పనికివచ్చు కార్యమునకే అప్పు. ఇవి దాని నియమములు.

మద్రాసు ప్రభుత్వము పక్షమున ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారి యూరపులోని ఇట్టి సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదిక సమర్పించెను. ఆ పిమ్మట 1904లో భారతదేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. మన తెలంగాణమున 1956లో అప్పటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరునందు ఎ. కె. విశ్వనాథరెడ్డి నాయకత్వమున రైతులు సహకార గ్రామీణ బ్యాంకును స్థాపించిరి. అప్పిచ్చుట, పంట అమ్మిపెట్టుట ఒకే సంఘముచే జరుగుటవలన బాకీ వసూలు సులభమై, ఆ సంఘము దేశమంతట పేరు పొందినది.

స్త్రీల పొదుపు సంఘములు ఇదే త్రోవలో పుట్టినవి. 1992లో నాబార్డు దేశమున 500 సంఘములను బ్యాంకులతో కలుపుటకు పూనుకొనెను. అదే కాలమున నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేకోద్యమము లేచి, దానివెంట పొదుపుద్యమము తెలుగు జిల్లాలన్నిటికి వ్యాపించినది. ఈ సంఘములకు అయిదు నియమములు కలవు, వీనిని పంచసూత్రములందురు. క్రమముగా సమావేశమగుట, క్రమముగా పొదుపు చేయుట, క్రమముగా సభ్యులకు అప్పులిచ్చుట, క్రమముగా తీర్చుట, క్రమముగా లెక్కలు వ్రాయుట. "క్రమముగా" అను మాట అయిదుమారులు వచ్చుట చూచితిరా? సిబిల్ లెక్క కోరునదియు ఆ యొక్క గుణమునే. సంఘముయొక్క బాకీ మాత్రమే కాక, సభ్యురాండ్ర వివరములను కూడ సమాచార సంస్థలకు పంపవలెనని రిజర్వు బ్యాంకు 2016లో ఆదేశించినది.

5. మెట్టుమెట్టుగా ఎక్కుట

ఇక ఆచరణము. క్రింది మార్గములలో ఎవరికి తగినది వారు పట్టవచ్చును.

మొదటిది: తల్లులు పొదుపు సంఘమున చేరి, సంఘపు బాకీని చిన్న మొత్తముతో ఆరంభించి గడువులో తీర్చుట. సమావేశమున కట్టిన ప్రతి పైసను తమ పాసుపుస్తకమున వ్రాయించుకొనవలయును.

రెండవది: పట్టాదారు పాసుపుస్తకము గల రైతు షావుకారు బాకీకి బదులు బ్యాంకు పంటఋణమును తెచ్చుకొనుట. 2025 జనవరి 1 నుండి 2 లక్షల వరకు వ్యవసాయ ఋణములకు తాకట్టు అడుగరాదను నియమమున్నది.

మూడవది: వీధి వ్యాపారము చేయువారికి 2020 జూన్ 1న ఆరంభమైన స్వనిధి పథకము. తొలుత 10,000, అది తీర్చినవారికి 20,000, అదియు తీర్చినవారికి 50,000 చొప్పున ఈయబడెను. 2025లో మొదటి రెండు మెట్లను 15,000, 25,000గా పెంచిరి. క్రింది మెట్టు తీర్చనిదే పై మెట్టునకు పోవ వీలులేదు. పరపతి పెరుగు విధమునకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము లేదు.

నాలుగవది: ఇంటిలో కొంచెము బంగారము గలవారు ఆపదవేళ బ్యాంకులో కుదువపెట్టి బాకీ తెచ్చి, తేదీకి విడిపించుకొనుట. బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిటు గలవారు దానిమీద చిన్న బాకీ పొందుట. బండియో కుట్టుమిషనో కొనవలసియున్నవారు బ్యాంకుద్వారా కిస్తులకు కొనుట.

అయిదవది: విద్యాఋణము. 4 లక్షల వరకు తాకట్టు లేకుండ ఇచ్చు పద్ధతి బ్యాంకులలో కలదు; 7 లక్షల 50 వేల వరకు 2015లో ఏర్పడిన ప్రభుత్వ హామీ నిధి యున్నది. సాధారణముగా చదువు కాలమును, ఆపై ఒక సంవత్సరమును కిస్తులు కట్టనక్కరలేదు; కాని మిత్తి ఆ దినములలోను పెరుగుచుండును. ఈ బాకీ విద్యార్థి పేరునను, కూడ చేవ్రాలు చేసిన తలిదండ్రుల పేరునను ఎక్కును. విద్యార్థి జీవితమున మొదటి చరిత్ర ఇదియే. ఉద్యోగమైన తరువాత మొదటి జీతమునుండి కిస్తు కట్టినవాడు తన పేరును, తండ్రి పేరును కూడ నిలుపును.

ఏ బాకీ తెచ్చునప్పుడైనను ఒక ప్రశ్న తప్పక అడుగుడు: "ఈ బాకీ వివరము సిబిల్ వంటి సంస్థలకు పంపుదురా?" ఊరి చీటీలు, చేబదుళ్లు, షావుకారు నోట్లు అందు ఎక్కవు. చీటీ కట్టుట తప్పని కాదు; పరపతి చరిత్రకు అది చాలదని మాత్రము తెలిసికొనవలయును.

మరియు, సంవత్సరమునకొకమారు మన లెక్కను మనమే చూచుకొనవలయును. ఒక్కొక్క సంస్థనుండి ఏటికొక పూర్తి నివేదికను ఉచితముగా పొందు హక్కు 2017 జనవరి నుండి ప్రతివారికిని కలదు. మన నివేదికను మనము చూచుకొనుటచే అంకె తగ్గదు. తీర్చిన బాకీ తీర్చనట్లున్నను, మనది కాని బాకీ మన పేరున నున్నను ఫిర్యాదు చేయవచ్చును. 30 దినములలో సరిచేయనిచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమీయవలెనని రిజర్వు బ్యాంకు 2023లో నియమించినది. బాకీ తీర్చినప్పుడు "బాకీ లేదు" అను పత్రమును పుచ్చుకొని భద్రపరచుడు.

6. పేరు చెడు విధములు

కట్టుట కష్టము, కూల్చుట సులభము. మంచి పేరు చెడు త్రోవలు అయిదు.

ఒకటి: అనేకుల నొద్ద అప్పు. దీని ఫలమును తెలుగువారము 2010లో చూచితిమి. అప్పటి ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ కంపెనీలు పోటీపడి అప్పులిచ్చెను. ఒకరిచ్చినది మరియొకరికి తెలియు ఏర్పాటు లేదు. ఒకే యింటిమీద మూడు నాలుగు బాకీలు పడెను. ఒకటి తీర్చుటకు మరియొకటి తెచ్చిరి. వారవారము వసూలుకు వచ్చువారి ఒత్తిడి భరింపలేక ప్రాణములు తీసికొన్నవారి వార్తలు వచ్చెను. 2010 అక్టోబరు 15న ప్రభుత్వము ఆర్డినెన్సు చేసినది. పిమ్మట మాలెగామ్ కమిటీ 2011 జనవరిలో సమర్పించిన నివేదికలో, చిన్న అప్పులను కూడ సమాచార సంస్థల లెక్కలో చేర్చవలెనని చెప్పినది. ఈ లెక్క మనలను అడ్డగించుటకే కాక మనలను కాపాడుటకును పుట్టినదని దీనివలన తెలియును. 2022 ఏప్రిలు నుండి సూక్ష్మఋణములిచ్చువారు, ఒక కుటుంబముయొక్క కిస్తులన్నియు కలిపి దాని నెలరాబడిలో సగమునకు మించకుండ చూడవలయును. సగము హద్దు చట్టము చెప్పినది. తెలివిగల యిల్లాలు మూడవ వంతునే హద్దుగా పెట్టుకొనును.

రెండు: మాఫీ ఆశ. తెలంగాణమున 2014లో లక్ష రూపాయల వరకును, 2024లో 2 లక్షల వరకును పంటఋణములు మాఫీ చేయబడినవి. కష్టములోనున్న రైతునకు అది గొప్ప ఊరట. కాని మాఫీ వచ్చునేమోయని శక్తియుండియు కట్టకుండిన దినములు గడువు దాటిన దినములుగనే వ్రాయబడును. గడువులో కట్టినవారికి వచ్చు 3 రూపాయల తగ్గింపును పోవును. మాఫీ ప్రభుత్వము చేతిలోనిది, గడువు మన చేతిలోనిది.

మూడు: జమానతు. మిత్రుని మొగమాటముచే చేవ్రాలు చేసినచో, అతడు కట్టని బాకీ మన నివేదికలో కనబడును. పరిశుద్ధ గ్రంథమున సామెతల గ్రంథకర్త పరుల అప్పునకు పూచీపడువారిని పలుమారులు హెచ్చరించియున్నాడు. జమానతు పడుటకు ముందు, ఆ సొమ్మును నేనే కట్టవలసివచ్చిన కట్టగలనా యని ప్రశ్నించుకొనుడు. కట్టలేనిచో మొదటనే మృదువుగా కాదనుట స్నేహమునకును క్షేమము.

నాలుగు: ఫోనులోని లోన్ యాపులు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఇట్టి యాపులవారిని అరెస్టు చేసిరి. అయిదారు వేల అప్పిచ్చి, వారములో తీర్చుమని, తీర్చనిచో ఫోనులోని బంధుమిత్రులందరికి అవమానకరమైన సందేశములు పంపుట వారి పద్ధతి. రిజర్వు బ్యాంకు 2022లో దీనిని గూర్చి నియమములు చేసినది. అప్పిచ్చు సంస్థ రిజర్వు బ్యాంకు గుర్తింపు గలదో లేదో తెలియనిదే ఆధారు, ప్యాన్ కార్డుల ప్రతులు పంపరాదు. రుసుము తీసికొని స్కోరు పెంచెదమనువారిని అసలే నమ్మరాదు. నిజమైన లెక్కను డబ్బుచే దిద్దువారు లేరు.

అయిదు: సగము కట్టి ముగించుకొనుట. "కొంత కట్టిన చాలు, ఫైలు మూసెదము" అని కొందరు చెప్పుదురు. అట్లు మూసిన బాకీ "తీర్చినది" అని కాక "రాజీపడినది" అని వ్రాయబడి, తరువాత వచ్చు బ్యాంకునకు అనుమానము కలిగించును. రోగముచేతనో పంట పోవుటచేతనో కట్టలేనివారు దాగుకొనక, గడువునకు ముందే బ్యాంకునకు పోయి గడువు పొడిగింపు నడుగుట మేలు.

7. విద్యార్థులకు

విద్యార్థులారా! మీకిప్పుడు బాకీ పుట్టదు, పుట్టనవసరమును లేదు. అంకె పెంచుకొనుటకని అక్కరలేని అప్పు చేయుటయు తెలివి కాదు. కాని పరపతికి మూలమైన అభ్యాసమును మీరు నేడే ఆరంభింపగలరు. గ్రంథాలయము నుండి తెచ్చిన పుస్తకమును తేదీకి ఇచ్చుట. స్నేహితుని నొద్ద తీసికొన్న పది రూపాయలను అడుగకముందే తీర్చుట. ఇంటి ఖర్చును ఒక నోటుపుస్తకమున వ్రాయుట. చదువురాని తల్లి సంఘపు పాసుపుస్తకము తెచ్చినప్పుడు అందలి అంకెలను కూడి సరిచూచి చెప్పుట. ఇంటిలో ఏ కిస్తు ఏ తేదీకో క్యాలెండరుమీద వ్రాసి, మూడు దినములు ముందుగా జ్ఞాపకము చేయుట. ఏడవ తరగతి గణితము వచ్చిన బాలుడు చేయగల పనులివి. ఇంటి పేరును నిలుపు పనులును ఇవియే.

తలిదండ్రులకు ఒక మనవి. 300 మొదలు 900 వరకు గల యే అంకెయు మనుష్యుని విలువను చెప్పజాలదు. రోగమువలననో అనావృష్టివలననో బాకీపడినవానిని తక్కువగా చూడరాదు. నెహెమ్యా కాలమున కరువుచే పొలములు కుదువపెట్టిన బీదలను చూచి, ఆ మహాత్ముడు నిందించినది బాకీపడినవారిని గాదు, వారి పొలములను పట్టుకొన్న పెద్దలనే. అంకె ఒక తలుపునకు తాళపుచెవి మాత్రమే. ఆ తలుపు మీ బిడ్డ చదువునకు తెరువవలసిన దినము వచ్చును గనుక, ఆ తాళపుచెవిని ఇప్పటినుండియే సిద్ధము చేసికొనుడు. ఈ సంవత్సరము ఒక చిన్న బాకీయైనను లెక్కకెక్కు చోట తెచ్చి, తేదీ తప్పక తీర్చుడు. మీ మాట నిలుపుకొను గుణము ఊరికి తెలిసియున్నది. అది వ్రాతలోనికి కూడ ఎక్కవలయును.

ఇంటిలో పెద్దలతో కలిసి చేయవలసిన అభ్యాసము

(1) మీ యింటిమీదనున్న బాకీలనన్నిటిని వ్రాసి, వానిలో ఏవి సమాచార సంస్థల లెక్కకెక్కునో, ఏవి ఎక్కవో విడదీయుడు.

(2) నెలకు నూటికి రెండున్నర రూపాయల మిత్తికి తెచ్చిన 40,000 రూపాయలకు ఒక సంవత్సరపు మిత్తి ఎంత? అదే మొత్తము గడువులో తీర్చిన పంటఋణమైనచో ఎంత? రెంటికి గల భేదముతో ఎన్ని నెలల బస్సు ఖర్చు వెళ్లునో లెక్కించుడు.

(3) మీ యింటి కిస్తులన్నియు కలిపి నెలరాబడిలో ఎన్నవ వంతగునో చూడుడు.